రాళ్లలో ప్రాణులను వెతికిన పంతులు – స్టీఫెన్ హిస్లాప్

వాన వెలిశాక చేను పక్కన నిలిచిన గుంతలోకి వంగి చూస్తే చిన్న చిన్న ప్రాణులు గుంపుగా ఈదుతూ కనిపిస్తాయి. గుంత ఎండగానే వాటిని మరిచిపోతాం. అలాంటి ప్రాణుల గుంపులు కోట్ల ఏళ్ల కిందట రాళ్లలో చిక్కుకుని ప్రాణహిత, గోదావరి లోయల్లో నేటికీ ఉన్నాయి. ఆ ప్రాంతపు శిలాజాలను లోకానికి తెలియజేసిన తొలితరం వారిలో ముఖ్యులు స్టీఫెన్ హిస్లాప్.

ఆయన 1817లో స్కాట్లాండ్‌లోని డన్స్ పట్టణంలో జన్మించారు. ఎడిన్‌బరో, గ్లాస్గోలలో చదివి, క్రైస్తవ మిషనరీగా 1845లో నాగపూర్ చేరారు. అక్కడ బడి నడిపారు. భూగర్భశాస్త్రం ఆయన ఉద్యోగం కాదు. ప్రచారం కోసం ఊరూరా తిరుగుతూ దారిలోని రాళ్లను పరిశీలించేవారు. సహచరుడు రాబర్ట్ హంటర్ కూడా ఈ పనిలో తోడుండేవారు.

నాగపూర్ దగ్గరి టాక్లీలో రాయిగా మారిన పండ్లు, గింజలు, నత్తగుల్లలు వారికి దొరికాయి. దక్షిణాన ఉన్న మంగలి గ్రామంలో కప్పల జాతికి దూరపు బంధువైన ఒక పురాతన జంతువు పుర్రె దొరికింది. దానికి లండన్‌లో రిచర్డ్ ఓవెన్ బ్రేకియాప్స్ అని పేరు పెట్టారు. ఆసిఫాబాద్ వైపు మాలేరి ప్రాంతపు ఊపిరితిత్తుల చేపకు 1859లో థామస్ ఓల్డ్‌హామ్ హిస్లాప్ పేరే పెట్టారు. మన రాజమండ్రి ప్రాంతపు గుల్లలను 1860లో హిస్లాప్ స్వయంగా వర్ణించి ప్రచురించారు.

పెద్ద ఎముకలు దొరికితే ఎవరైనా సంతోషిస్తారు. హిస్లాప్ గొప్పతనం ఏమిటంటే, ఆయన గోరంత కూడా లేని పెంకులను సైతం పారేయలేదు. అవి రొయ్యలు, పీతల జాతికి చెందినవి. ఆల్చిప్పలాంటి రెండు పెంకుల మధ్య ఆ ప్రాణి ఒదిగి ఉంటుంది. 1862లో రూపర్ట్ జోన్స్ అనే శాస్త్రవేత్త వీటిపై ఒక గ్రంథం వెలువరించారు. అందులో మంగలి ఊరి పేరుతో ఒక జాతి, సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట ఊరి పేరుతో మరొక జాతి ఉన్నాయి. కోట రాళ్ల వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు.

ఈ వర్గం నేటికీ బతికే ఉంది. వానగుంతల్లో పుడుతుంది. గుంత ఎండితే గుడ్లు మట్టిలో ఎదురుచూస్తాయి. మళ్లీ వాన పడగానే వాటిలో చాలా గుడ్లు దాదాపు ఒక్కసారే పొదుగుతాయి. అందుకే ఒకే రాతిపలకపై ఒకే సైజు పెంకులు దట్టంగా ఉంటే, అవి ఒకే వానకు పుట్టి ఒకే గుంతలో బతికినవై ఉండవచ్చు. చిన్నవి, పెద్దవి, విరిగినవి కలిసి ఒకే దిక్కుకు వరుస తీరి ఉంటే, చచ్చాక నీటి ప్రవాహం తెచ్చి పడేసినవి కావచ్చు. గుంపు కనబడగానే కలిసి బతికాయని తీర్పు చెప్పకూడదు.

మరి నిజంగా కలిసి నడిచిన గుర్తు ఎక్కడ ఉంది? చైనాలోని యున్నాన్‌లో దొరికింది. దాదాపు 52 కోట్ల ఏళ్ల నాటి రొయ్యలాంటి ప్రాణులు ఒకదాని వెనుక ఒకటి గొలుసులా అతుక్కుని శిలాజాలయ్యాయి. ఒక్కో గొలుసులో 20 వరకు ఉన్నాయి. ఈ సంగతి 2008లో ప్రచురితమైంది. ఏ ప్రవాహమూ వాటిని అంత క్రమంగా పేర్చలేదు.

హిస్లాప్ రాళ్లతో ఆగలేదు. గోండుల పాటలు, మాటలు సేకరించారు. ఆ వ్యాసాలను ఆయన మరణానంతరం, 1866లో రిచర్డ్ టెంపుల్ అచ్చు వేయించారు. 1863 సెప్టెంబరు 4న పాత రాతి సమాధులు చూసి గుర్రంపై తిరిగి వస్తూ, పొంగిన వాగు దాటబోయి హిస్లాప్ మునిగి చనిపోయారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు కూడా నిండలేదు. నాగపూర్‌లో 1883లో వెలసిన హిస్లాప్ కాలేజీ ఆయన పేరును నిలిపింది.

ఆయన దగ్గర పెద్ద ప్రయోగశాల లేదు. ఉన్నవి సుత్తి, ఓపిక, దొరికిన చోటు మరిచిపోకుండా రాసుకునే అలవాటు. తనకు తెలియనిదాన్ని తెలిసినవారికి పంపి అడిగేవారు. మిత్రులారా, ఇవి మనకూ అందనివి కావు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి బావి తవ్విన మట్టినీ, వాగు గట్టు రాతినీ ఒకసారి ఆగి చూడండి. తుంగభద్ర ఒడ్డున ఉన్న మన రాజోలి పిల్లలకు చూసే చోట్లకు కొదవ లేదు.