ఊరికోసం గింజలు దాచిన జార్జి బుష్

జార్జి బుష్ అనగానే మనవాళ్ళకు ఇరాక్ మీద యుద్ధం చేసిన అమెరికా అధ్యక్షుడు గుర్తుకొస్తాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఆ పేరుతోనే అధ్యక్షులయ్యారు. నేను రాస్తున్నది వాళ్ళ గురించి కాదు. వాళ్ళకు నూరేళ్ళకు పైగా ముందు బతికి, ఒక్కసారి కూడా ఓటు వేయకుండానే కన్నుమూసిన మరో జార్జి బుష్ గురించి. జార్జి వాషింగ్టన్ బుష్ అని కూడా పుస్తకాల్లో ఆయన పేరు కనిపిస్తుంది. అమెరికా వాయవ్య మూలన, పసిఫిక్ సముద్రం అంచున ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర చరిత్రలో ఆయనది పెద్ద పేరు. (అమెరికా రాజధాని వాషింగ్టన్ వేరు, ఈ రాష్ట్రం వేరు. పరీక్షల్లో తికమక పడకండి.)

ఆయన 18వ శతాబ్దం చివర పెన్సిల్వేనియాలో పుట్టారు. తండ్రి ఆఫ్రికా సంతతివారు, తల్లి ఐర్లండ్ నుంచి వచ్చి పెద్దింట్లో పని చేసుకున్న మనిషి. బుష్ బానిసగా పుట్టలేదు. 1815లో న్యూ ఆర్లియన్స్ దగ్గర బ్రిటిష్ సేనలతో జరిగిన యుద్ధంలో సైనికుడిగా పోరాడారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. తర్వాత పశ్చిమ అడవుల్లో బొచ్చుతోళ్ళ వేటగాళ్ళతో తిరిగారు. చివరికి మిస్సోరి రాష్ట్రంలో స్థిరపడి, పశువుల వ్యాపారంలో బాగా సంపాదించారు. 1831లో ఇసబెల్లా జేమ్స్ అనే జర్మన్ సంతతి తెల్ల యువతిని పెళ్ళి చేసుకున్నారు. ఐదుగురు కొడుకులు పుట్టారు.

మందలున్నాయి, డబ్బుంది, నిండైన సంసారం ఉంది. కాని మిస్సోరిలో బానిసత్వం చట్టబద్ధం. బానిసలు కాని నల్లవారిని కూడా అక్కడి చట్టాలు స్థిమితంగా ఉండనివ్వలేదు. 1844లో బుష్ కుటుంబం బండ్లు కట్టింది. ఆయన స్నేహితుడు మైఖేల్ సిమన్స్‌తో కలిపి నాలుగు తెల్ల కుటుంబాలు వెంట బయలుదేరాయి. వాటిలో చేతిలో డబ్బులేని వాళ్ళకు బండ్లకు, దారి ఖర్చులకు సాయపడింది బుష్. దాదాపు 3,200 కిలోమీటర్ల ప్రయాణం. నెలల తరబడి ఎడ్లబండ్ల మీద మైదానాలు, కొండలు, నదులు దాటాలి. ఆ దారిలో ఆయన తోటి ప్రయాణికుడొకరితో తన మనసులో మాట చెప్పుకున్నారు. ఆరిగాన్‌లో తనను స్వతంత్రుడైన మనిషిగా చూడకపోతే అక్కడ ఉండననీ, అప్పట్లో మెక్సికో ఏలుబడిలో ఉన్న ప్రాంతానికి వెళ్ళిపోతాననీ.

ఆయన భయమే నిజమైంది. బండ్లు ఇంకా దారిలో ఉండగానే ఆరిగాన్ తాత్కాలిక ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బానిసత్వాన్ని నిషేధిస్తూనే, నల్లవారెవరూ ఆ ప్రాంతంలో ఉండకూడదన్నది ఆ చట్టం. గడువులోగా వెళ్ళిపోని వారికి 20 నుంచి 39 కొరడా దెబ్బలు. ఆ కొరడా నిబంధనను కొద్ది నెలల్లోనే మార్చేశారు. కాని అంత దూరం నుంచి పెళ్ళాం బిడ్డలతో వచ్చిన మనిషికి ఆ కబురు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడ ఆ నాలుగు తెల్ల కుటుంబాల గురించి చెప్పాలి. కొలంబియా నదికి దక్షిణాన మంచి భూములు వాళ్ళకోసం సిద్ధంగా ఉన్నాయి. బుష్‌ను వదిలేసి అక్కడే దిగిపోతే అడిగేవారు లేరు. వాళ్ళు అలా చేయలేదు. నదికి ఉత్తరాన అప్పటికి బ్రిటిష్ వారి హడ్సన్స్ బే కంపెనీదే పలుకుబడి, ఆరిగాన్ చట్టం అక్కడిదాకా పాకలేదు. 1845లో అందరూ కలిసి ఆ ఉత్తరానికే నడిచి, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దగ్గర, ఇప్పుడు టమ్‌వాటర్ అని పిలిచేచోట ఊరు కట్టుకున్నారు. ఆ తీరంలో అమెరికన్లు స్థిరపడిన మొదటి ఊరు అదే. బుష్ సాగుచేసిన మైదానానికి బుష్ ప్రైరీ అని పేరొచ్చింది.

అది ఖాళీ నేల కాదు, నిస్క్వాలీ ఆదివాసులు తరతరాలుగా బతుకుతున్న చోటు. బుష్ కొడుకులు వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆదివాసుల్లో తట్టు జబ్బు ప్రబలినప్పుడు బుష్ దంపతులు వాళ్ళకు సేవ చేశారు. జలపాతం దగ్గర సిమన్స్ పెట్టిన పిండిమరకు, సామిల్లుకు బుష్ తోడ్పడ్డారు. కొత్తగా బండి దిగిన ఏ కుటుంబమైనా ముందు ఆయన వాకిట్లోకే వచ్చేది. తిండి పెట్టి, విత్తనం ఇచ్చి పంపేవారు.

1846లో బ్రిటన్, అమెరికా ఒప్పందం చేసుకున్నాయి. ఆ ప్రాంతం అమెరికాకు దక్కింది. దానితోపాటు బుష్ తప్పించుకు వచ్చిన చట్టాలూ వెతుక్కుంటూ వచ్చాయి. 1850 నాటి భూదాన చట్టం వలస రైతులకు ఉచితంగా భూమి ఇచ్చింది, నల్లవారికి మాత్రం ఇవ్వలేదు. అడవి కొట్టి, దున్ని, తోట వేసిన నేల మీద ఆయనకు కాగితం లేదు. రేపు ఎవరైనా వచ్చి ఇది నాది అంటే లేచి పోవలసిందే. డి-ఫారం పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తాతలున్న మన హాస్టల్ పిల్లలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే 1852 వచ్చింది. వలస వచ్చినవారు ఎక్కువ, గింజలు తక్కువ. ధాన్యం ధర ఆకాశానికి అంటింది. బుష్ గాదెలో పంట ఉంది. వ్యాపారులు వచ్చి మొత్తం కొంటామన్నారు, ఎంత ధర చెప్పినా ఇచ్చేట్టున్నారు. ఆయన అమ్మలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు తినడానికీ, మళ్ళీ విత్తుకోవడానికీ గింజలు మిగలాలని వ్యాపారులకు చెప్పి పంపేశారు. లేనివారికి కొలిచి ఇచ్చి, వచ్చే ఏడు పంట పండాక గింజలే తిరిగి పోయమనేవారు. డబ్బున్నవారు వస్తే, అవసరానికి మించి తీసుకోవద్దనేవారు. ఆ ఏటి పంట దాదాపు అంతా అలాగే పంచేశారని, ఆ కాలంలో అక్కడికి వలస వచ్చిన ఎజ్రా మీకర్ తర్వాత రాసిపెట్టారు. నాకు ఇందులో నచ్చింది రెండో మాట. లేనివాడికి పెట్టడం చాలామంది చేస్తారు. ఉన్నవాడిని ఎక్కువ తీసుకోవద్దని ఆపడం కష్టం.

1853లో వాషింగ్టన్ ప్రత్యేక టెరిటరీ అయింది. కొత్త శాసనసభ బుష్ భూమిని బుష్‌కే ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్‌ను కోరింది. 1855లో కాంగ్రెస్ ప్రత్యేకంగా ఆయన కోసం ఒక చట్టం చేసి 640 ఎకరాలు ఖాయం చేసింది. గింజలు తిన్నవాళ్ళు మరిచిపోలేదు. అయితే మారింది ఆయన ఒక్కడి సంగతే. మిగతా నల్లవారికి భూమి చట్టం అలాగే ఉంది, బుష్‌కు ఓటు హక్కు కూడా రాలేదు. అంత మంచివాడని రుజువు చేసుకుంటేగాని తన పొలం తనది కాకపోవడం నాకు మాత్రం న్యాయంగా తోచదు.

1863 ఏప్రిల్ 5న ఆయన చనిపోయారు. అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. నల్లజాతి పురుషులకు ఓటు హక్కునిచ్చిన రాజ్యాంగ సవరణ 1870లో వచ్చింది.

పెద్దకొడుకు విలియం ఓవెన్ బుష్ ఆ పొలాన్నే సాగుచేశారు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో అతని గోధుమలకు బహుమతి వచ్చింది. 1889లో వాషింగ్టన్ రాష్ట్రమైనప్పుడు మొదటి శాసనసభకు ఆయన ఎన్నికయ్యారు. అక్కడ కూర్చున్న మొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. రాష్ట్రానికి ఒక వ్యవసాయ కళాశాల కావాలని సభలో బిల్లు పెట్టారు. పుల్‌మన్ అనే ఊళ్ళో 1892లో తెరిచిన ఆ కళాశాలే ఇప్పటి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ.