ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు: మాంద్యాన్ని ఎదుర్కొన్న పాలకుడు

మానవ చరిత్రలో కరువుకాటకాలు అధికంగా ప్రకృతి వైపరీత్యాల వలన కలిగినవే. కాని 1929లో ఆరంభమైన మహా ఆర్థిక మాంద్యం అట్టిది కాదు. పొలాలలో పంట ఉండగానే జనులు ఆకలితో అలమటించారు. యంత్రాలు సిద్ధంగా ఉండగానే కర్మాగారాలు మూతపడ్డాయి. ఆ విపత్తు తాకిడికి పలుదేశాల ప్రభుత్వాలు కూలిపోయాయి. 1933 జనవరి 30న జర్మనీలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. సరిగ్గా అదేరోజు అమెరికాలో ఒక రాజకీయవేత్తకు 51 సంవత్సరాలు నిండాయి. మరి అయిదు వారాలకు ఆయన ఆ దేశాధ్యక్ష పదవిని స్వీకరించాడు. ఆయనే ఫ్రాంక్లిన్ డెలనో రూజ్వెల్టు. ఎన్నికలను, శాసనసభను నిలుపుకుంటూనే మాంద్యాన్ని ఎదిరించిన ఈ నాయకుని జీవితాన్ని, ఆయన సంస్కరణలు సాధించినదానితోపాటు విడిచిపెట్టినదానిని కూడ మా విద్యార్థుల ముందుంచదలచాము.

రూజ్వెల్టు 1882లో న్యూయార్కు రాష్ట్రంలో, హడ్సన్ నదీతీరాన ఉన్న హైడ్ పార్కులో, సంపన్న కుటుంబంలో జన్మించాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, కొలంబియాలో న్యాయశాస్త్రం అభ్యసించాడు. 1905లో తన దూరపు బంధువు, నాటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టుకు తమ్ముని కుమార్తె అయిన ఎలినార్‌ను వివాహమాడాడు. 1910లో రాష్ట్ర సెనేటుకు ఎన్నికై, 1913 నుండి 1920 వరకు నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా పనిచేశాడు. 1920లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు.

మరుసటి సంవత్సరం, 39 ఏండ్ల వయస్సులో, పోలియో వ్యాధి ఆయనను కబళించింది. కాళ్లు చచ్చుబడిపోయాయి. ఆనాటినుండి ఇనుప పట్టీల ఆధారం లేనిదే ఆయన నిలువలేకపోయాడు. చికిత్సకోసం జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే వేడినీటి బుగ్గల గ్రామానికి తరచు వెళ్లేవాడు. ఆ విధంగా దక్షిణాది పేదరైతుల బ్రతుకును సమీపంనుండి చూసే అవకాశం ఆయనకు కలిగింది.

1928లో న్యూయార్కు గవర్నరుగా ఎన్నికైన మరుసటి ఏడే మాంద్యం విరుచుకుపడింది. 1931లో నిరుద్యోగులకోసం ఆయన తన రాష్ట్రంలో ఒక సహాయసంస్థను నెలకొల్పాడు. దానిని నడిపినవారిలో ఒకడైన హారీ హాప్కిన్స్ తరువాత జాతీయ స్థాయిలోనూ ఆయనకు కుడిభుజమయ్యాడు. 1932 అధ్యక్ష ఎన్నికలో 48 రాష్ట్రాలకుగాను 42 రాష్ట్రాలు రూజ్వెల్టును గెలిపించాయి.

1933 మార్చి 4న ఆయన పదవీప్రమాణం చేసేనాటికి దేశంలో సుమారు నలుగురు కార్మికులలో ఒకరికి పని లేదు. వేలాది బ్యాంకులు దివాలా తీశాయి. రెండురోజులు గడవకముందే ఆయన దేశంలోని బ్యాంకులన్నింటినీ తాత్కాలికంగా మూయించి, పరీక్షించిన పిదప బాగున్న వాటినే తెరిపించాడు. ఆ చర్యలోని ఆంతర్యాన్ని రేడియో ద్వారా సామాన్యులకు అర్థమయ్యే మాటలలో వివరించాడు. ప్రజలు దాచుకున్న డబ్బును తిరిగి బ్యాంకులకు తెచ్చారు. మొదటి నూరు రోజులలో 15 ప్రధాన శాసనాలు వెలువడ్డాయి. నిరుద్యోగ యువకులను అడవుల పెంపకానికి నియమించి నెలకు 30 డాలర్లు ఇచ్చి, అందులో 25 డాలర్లు వారి ఇళ్లకే పంపించే ఏర్పాటు చేశారు. టెనెసీ లోయలో ఆనకట్టలు, విద్యుత్తు, వరద నివారణ ఒకే సంస్థ క్రిందికి వచ్చాయి. మన దేశంలో 1948లో ఏర్పడిన దామోదర్ లోయ సంస్థకు ఇదే నమూనా. ఈ సంస్కరణలన్నింటికీ కలిపి న్యూడీల్ అని పేరు.

1935లో మరింత శాశ్వతమైన శాసనాలు వచ్చాయి. వాగ్నర్ చట్టం కార్మికులకు సంఘాలు పెట్టుకొని యజమానులతో సమష్టిగా బేరసారాలు జరిపే హక్కును స్థిరపరచింది. సామాజిక భద్రతా చట్టం వృద్ధాప్య పింఛనుకు, నిరుద్యోగ భృతికి మార్గం వేసింది. ఈ చట్టరచనకు సారథ్యం వహించిన కార్మికశాఖ కార్యదర్శి ఫ్రాన్సిస్ పెర్కిన్స్, అమెరికా మంత్రివర్గంలో స్థానం పొందిన మొదటి మహిళ.

రాజకీయ ఫలితం త్వరలోనే కనిపించింది. 1936లో రూజ్వెల్టు రెండు రాష్ట్రాలు మినహా తక్కిన 46 రాష్ట్రాలనూ గెలుచుకున్నాడు. పట్టణ కార్మికులు, వలస వచ్చి స్థిరపడిన కాథలిక్కులు, యూదులు, దక్షిణాది తెల్లవారు ఒకే పార్టీ గొడుగు క్రిందికి చేరారు. బానిసత్వాన్ని రూపుమాపిన లింకన్ పట్ల కృతజ్ఞతతో తరతరాలుగా రిపబ్లికన్ పార్టీకి ఓటు వేసిన నల్లజాతివారు సైతం డెమోక్రటిక్ పార్టీవైపు మొగ్గారు. ఓటు హక్కు ఉన్న ఉత్తరాది నగరాలలో ఈ మార్పు స్పష్టంగా కనిపించింది.

అయితే ఈ కూటమికి చెల్లించిన మూల్యం ఎట్టిదో పరిశీలించకపోతే ఈ జీవితచరిత్ర సగమే అవుతుంది. కాంగ్రెసులోని ముఖ్య సంఘాల అధ్యక్షపదవులు దక్షిణాది సభ్యుల చేతులలో ఉండేవి. సామాజిక భద్రతా బిల్లును పరిశీలించిన సెనేటు సంఘానికి మిసిసిపీ సభ్యుడు, ప్రతినిధుల సభ సంఘానికి ఉత్తర కరొలినా సభ్యుడు అధ్యక్షులు. చివరకు వచ్చిన చట్టంలో వృద్ధాప్య పింఛనునుండి వ్యవసాయ కూలీలను, ఇండ్లలో పనిచేసేవారిని మినహాయించారు. చట్టంలో జాతి ప్రసక్తి ఎక్కడా లేదు. కాని నల్లజాతి కార్మికులలో సగానికి మించినవారు చేసేది ఆ రెండు పనులే. వారినుండి చందా వసూలు చేయడంలోని కష్టమే ఇందుకు కారణమని కొందరు చరిత్రకారులు, దక్షిణాది భూస్వాముల పట్టుదలే కారణమని మరికొందరు వాదిస్తారు. మా దృష్టిలో కారణం ఏదైనా, వయసు మళ్లిన కూలివాని గుడిసెకు చేరిన ఫలితం ఒకటే. పత్తి సాగు తగ్గించుటకు ప్రభుత్వమిచ్చిన సొమ్ము కూడ అనేకచోట్ల భూస్వామికే దక్కి, పాలికి సేద్యం చేసేవారు భూమినుండి తొలగింపబడ్డారు.

ఘనవిజయం తరువాత రూజ్వెల్టుకు ఎదురుదెబ్బలు తగిలాయి. సుప్రీం కోర్టు అంతకుముందే కొన్ని ముఖ్య శాసనాలను కొట్టివేసింది. 1937లో ఆ కోర్టులో అదనంగా ఆరుగురు న్యాయమూర్తులను నియమించేందుకు ఆయన తెచ్చిన ప్రతిపాదనను సొంత పార్టీవారే వ్యతిరేకించగా అది వీగిపోయింది. కాని ఆ వివాదం సాగుతుండగానే కోర్టు వాగ్నర్ చట్టాన్ని, సామాజిక భద్రతా చట్టాన్ని సమర్థించింది. అదే ఏడు ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించగా నిరుద్యోగం మళ్లీ పెరిగింది. 1938లో కనీస వేతన చట్టం వచ్చింది. అందులోనూ పొలం కూలీలకు చోటు దొరకలేదు. ఆ సంవత్సరాంతపు ఎన్నికలలో రిపబ్లికన్లు బాగా పుంజుకున్నారు. వారు దక్షిణాది డెమోక్రాట్లతో చేతులు కలపడంతో కొత్త సంస్కరణలకు దారి మూసుకుపోయింది. ఎవరిని సంతృప్తిపరచుటకు పేదలలో ఒక వర్గాన్ని విడిచిపెట్టవలసి వచ్చిందో, చివరకు వారే అడ్డు తిరిగారు.

నిరుద్యోగం పూర్తిగా తొలగిపోయింది యుద్ధ సన్నాహాలతోనే. 1940లో మూడవసారి, 1944లో నాలుగవసారి ఎన్నికైన రూజ్వెల్టు 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో కన్నుమూశాడు. 1941లో కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ రాజధానికి మహాప్రదర్శన తెస్తామని హెచ్చరించిన మీదట, రక్షణ పరిశ్రమల ఉద్యోగాలలో జాతివివక్షను నిషేధిస్తూ ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటి ఏడు ఆయన సంతకం చేసిన మరొక ఉత్తర్వు వలన లక్షకు పైగా జపాను సంతతివారు ఇండ్లు వాకిళ్లు వదలి నిర్బంధ శిబిరాలపాలయ్యారు. ఒక అల్పసంఖ్యాక వర్గానికి జరిగిన ఈ అన్యాయం ఆయన కీర్తికి తీరని మచ్చ.

మినహాయింపబడిన కూలీలకు 1950లోనూ 1954లోనూ వచ్చిన సవరణల ద్వారా పింఛను చట్టంలో చోటు దొరికింది. మొదటి చట్టమే లేకున్న సవరించుటకు ఏమీ ఉండేది కాదు. అది రూజ్వెల్టు ఘనత. కాని ఆ పదిహేనేండ్లలో ముసలివారై, పింఛను లేకనే మరణించినవారికి ఆ సవరణలు ఏమి మేలు చేయగలవు?

రేపు మన విద్యార్థులలో కొందరు న్యాయవాదులు, అధికారులు, శాసనసభ్యులు కావచ్చు. ఏ సంక్షేమ శాసనం చేతికి వచ్చినా దాని శీర్షికను చూసి తృప్తిపడక, అందులో కార్మికుడు అనే పదానికి ఇచ్చిన నిర్వచనాన్ని, దాని క్రింది మినహాయింపులను ముందుగా చదవాలని మా కోరిక. ఎవరు లెక్కలోకి వచ్చారో, ఎవరు రాలేదో అక్కడనే తెలుస్తుంది.