ఒంటి కన్నుతో జపాన్‌లో పాఠాలు చెప్పిన హెర్న్ మాస్టారు

సెప్టెంబరు నెల వస్తే మనం గురువులను తలచుకుంటాం. అదే నెల 26వ తేదీన, 1904లో, టోక్యో నగరంలో ఒక ఇంగ్లీషు మాస్టారు కన్నుమూశారు. ఆయన పేరు లఫ్కాడియో హెర్న్. జపాన్ ప్రజలకు ఆయన కొయిజుమి యాకుమో. ఆ దేశపు పాత కథలను, దయ్యాల కథలను ఇంగ్లీషులో రాసి ప్రపంచానికి అందించిన రచయితగా ఆయన ప్రసిద్ధులు. అయితే ఆయన చెప్పిన పాఠాలు, రాసిన పుస్తకాలు అన్నీ ఒంటికంటి చూపుతోనే సాగాయి. పదహారో ఏట తగిలిన దెబ్బ ఆయనను చివరి వరకు వదలలేదు.

ఆటలో తగిలిన దెబ్బ

హెర్న్ 1850 జూన్ 27న గ్రీకు ద్వీపమైన లెఫ్కాడాలో జన్మించారు. తండ్రి ఐర్లాండుకు చెందినవాడు, బ్రిటిష్ సైన్యంలో వైద్యుడు. తల్లి గ్రీకు స్త్రీ. రెండేళ్ల పిల్లవాడిని డబ్లిన్‌కు తీసుకువచ్చారు. కొంతకాలానికి తల్లి స్వదేశానికి వెళ్లిపోయింది. తండ్రి మరో పెళ్లి చేసుకున్నాడు. చివరకు పిల్లవాడిని పెంచే భారం నాయనమ్మ తోబుట్టువుపై పడింది.

ఆమె అతన్ని ఇంగ్లాండులోని దర్హం సమీపాన వున్న అషా కాలేజీలో చేర్పించింది. అక్కడ పిల్లలు ఆడుకుంటుండగా తాడు ముడి వచ్చి ఎడమ కంటికి తగిలింది. కన్ను వాచింది. చికిత్స జరిగినా చూపు దక్కలేదు. కంటిలో తెల్లటి పువ్వు మిగిలిపోయింది. కుడి కంటికి ముందునుంచీ దూరపు చూపు తక్కువ. ఇక చదువంతా ఆ కంటి మీదే పడింది. పనిభారానికి ఆ కన్ను పైకి ఉబ్బినట్టు కనిపించేది.

ఆ తర్వాత పెంచిన ఆమె ఆస్తి కరిగిపోయింది. చదువు ఆగిపోయింది. 19 ఏళ్లకు హెర్న్‌ను అమెరికా పంపించివేశారు. సిన్సినాటిలో పస్తులు పడుకున్న రోజులూ వున్నాయి. పత్రికా విలేకరిగా అక్కడా, న్యూ ఆర్లియన్స్‌లోనూ పేరు తెచ్చుకున్నారు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు చేత్తో ఎడమ కన్ను మూసుకోవడం అలవాటయింది. ఫొటోలలో కూడా ఆ కన్ను కనబడకుండా ముఖం పక్కకు తిప్పి, తల వంచి కూర్చునేవారు.

మత్సుయేలో ఉద్యోగం

1890లో ఒక పత్రికకు వ్యాసాలు రాయడానికి హెర్న్ జపాన్ వెళ్లారు. ఆ సంస్థతో తగవు వచ్చి ఆ పని వదులుకున్నారు. చేతిలో డబ్బు లేదు. తెలిసినవారి సాయంతో మత్సుయే పట్టణంలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా చేరారు. నెలకు 100 యెన్ల జీతం. ఆయనకు జపాన్ భాష రాదు. పిల్లలకు వారి ఇళ్లలో జరిగే పండుగలు, నమ్మకాలు, ఆచారాల మీద ఇంగ్లీషులో వ్యాసాలు రాయమనేవారు. వాటిని దిద్దుతూ ఆ దేశాన్ని తెలుసుకున్నారు. ఆ కాగితాలన్నీ ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదవవలసి వచ్చేది. దూరాన వున్నవి చూడడానికి చిన్న దుర్భిణి, దగ్గర వాటికి భూతద్దం వెంట వుండేవి.

మామూలు బల్ల ముందు కూర్చుంటే కాగితం మీదికి పూర్తిగా వంగవలసి వచ్చేది. అందుకని ఎత్తయిన బల్ల ఒకటి ప్రత్యేకంగా చేయించుకున్నారు. కాగితమే కంటి దగ్గరకు వచ్చేటట్టు ఏర్పాటు అన్నమాట.

ఆ ఊళ్లోనే కొయిజుమి సెట్సు అనే, చితికిపోయిన సమురాయ్ కుటుంబపు స్త్రీని పెళ్లాడారు. ఆమె వైపు పెద్దలను కూడా ఆయనే పోషించారు. మత్సుయే చలి పడలేదు. ఖర్చులూ పెరిగాయి. 1891 నవంబరులో 200 యెన్ల జీతంపై కుమమోటో కాలేజీకి మారారు.

పత్రిక వదిలి తిరిగి పాఠానికి

1894లో కోబే నగరంలో ఒక ఇంగ్లీషు పత్రికలో చేరారు. రోజూ రాత ఎక్కువై, వున్న ఒక్క కన్నూ జబ్బు చేసింది. అదీ పోతే భార్యాబిడ్డల గతి ఏమిటన్న భయం పట్టుకుంది. కొద్ది నెలలకే, 1895 మొదట్లో, ఆ ఉద్యోగం మానేశారు. 1896లో జపాన్ పౌరసత్వం తీసుకుని భార్య ఇంటిపేరు స్వీకరించారు. అదే ఏడు టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం వారు ఇంగ్లీషు సాహిత్యం బోధించడానికి పిలిచారు.

అక్కడ ఆయన పుస్తకం ముందు పెట్టుకుని చదివి వినిపించేవారు కాదు. చెప్పవలసింది మనసులో సిద్ధం చేసుకుని వచ్చి, మాట మాట విడదీసి మెల్లగా చెప్పేవారు. పరాయి భాష వినే విద్యార్థులకు అది అనువుగా వుండేది. వారు ప్రతి మాటా రాసుకునేవారు. ఆయన పోయిన తర్వాత, 1915లో, ఆ నోట్సుల నుంచే ఆయన ఉపన్యాసాలను పుస్తకాలుగా అచ్చువేశారు. మాస్టారు తన చేత్తో రాయని పాఠాలు శిష్యుల చేతిరాతలో బతికాయి. తర్వాత కవిగా, అనువాదకుడుగా పేరొందిన ఉయెదా బిన్ ఆయన శిష్యుడే.

ఇంటివద్ద కథల పని కూడా చాలావరకు వినికిడి మీదే నడిచింది. రాత్రివేళ దీపం వత్తి తగ్గించి, సెట్సు పాత కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవడానికి వీలులేదు. తన సొంత మాటల్లో చెప్పాలి. ఆయన మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుని, ఆ తర్వాతే ఎత్తు బల్ల ముందు కూర్చునేవారు. 1904లో వచ్చిన ‘క్వైదాన్’ కథల సంపుటిలో ఆమె పాలు ఎంతో వుంది. పెద్ద కొడుకు కజువోకు ఇంగ్లీషు తానే నేర్పారు. పాత వార్తాపత్రికల మీద కుంచెతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి చూపించేవారు.

1903లో విశ్వవిద్యాలయం ఆయనను కొనసాగించలేదు. విద్యార్థులు అభ్యంతరం తెలిపినా ఫలితం లేకపోయింది. ఆ స్థానంలోకి వచ్చినవారిలో నట్సుమె సోసెకి ఒకరు. తర్వాత ఆయన ఆ దేశపు గొప్ప నవలాకారుడయ్యారు. 1904లో వసేదాలో హెర్న్ మళ్లీ పాఠం మొదలుపెట్టారు. ఆ ఏడే గుండెజబ్బుతో 54వ ఏట మరణించారు. జోషిగాయ శ్మశానవాటికలో ఆయన సమాధి వుంది.

పోయిన కన్ను తిరిగి రాలేదు. దాన్ని నలుగురి ముందు దాచుకోవాలన్న బాధా పోలేదు. కాని మిగిలిన చూపును దేనికి వాడాలో, దేన్ని చెవికీ నోటికీ అప్పగించాలో ఆయన తెలుసుకున్నారు. అందుకు సాక్ష్యంగా ఆ ఎత్తు బల్ల మత్సుయేలోని ఆయన స్మారక భవనంలో భద్రంగా వుంది.