కర్నూల్లో పనిచేసిన దొర కొడుకు

మాది కైరుప్పల. యూనివర్సిటీలో ఏఐ కోర్సు సదువుతాండా. మొన్న లిస్ప్ అసైన్‌మెంట్ బ్రాకెట్లు సరిజూసేసరికి రాత్రి రెండయింది. 1958లో మెకార్తీ మొదలుపెట్టిన ఈ లిస్ప్‌లో లాంబ్డా గుర్తు అలోంజో చర్చ్‌ది. ఆ చర్చ్ దగ్గర పీహెచ్‌డీ చేసినోడే అలన్ ట్యూరింగ్.

ట్యూరింగ్ వాళ్ల నాయన ఐసీఎస్ ఆఫీసరు. మన కర్నూలు, అనంతపురంలో కూడా పనిచేసినాడు. 1912లో లండన్లో పుట్టిన పిల్లోణ్ణి వేరేవాళ్లింట్లో విడిచి, తల్లీదండ్రీ మళ్లా ఈ దేశానికి వచ్చినారు. మా అమ్మానాయనా నన్ను అవ్వ దగ్గర విడిచి గుంటూరు మిరప కోతలకు పోయినట్ల. వాళ్లది దొరల కొలువు, మాది కూలి. అయినా ఆ పిల్లోని దిగులు నాకు తెలుసు.

1936లో, లెక్కగట్టగలిగిన దేన్నైనా చేసే ఒకే మిషన్ను ట్యూరింగ్ కాగితం మీద ఊహించినాడు. యుద్ధంలో జర్మనోళ్ల ఎనిగ్మా గుట్టు విప్పినోళ్లలో ముందున్నాడు. 1950లో, మిషన్లు ఆలోచిస్తాయా అని అడిగినాడు. 1952లో, ఇంకో మగోనితో సంబంధముందని అదే దేశం కోర్టుకీడ్చి, జైలుకు బదులు హార్మోన్ల మందిచ్చింది. 1954లో 41 ఏళ్లకే పోయినాడు. లిస్ప్‌ను సూడనేలేదు. క్షమాభిక్ష 2013లో వచ్చింది. సచ్చినోనికి అదెందుకప్పా?

మనూర్లో ఎవర్నన్నా తేడాగాడని నవ్వేముందు, మీ చేతిలో ఫోన్ను ఒకసారి సూడండి. దాని ఎనకాల ఆయప్ప కూడా ఉండాడు.