ఫ్రెడ్డీ మెర్క్యురీ: ఫ్యాన్‌గా వెళ్లిన బ్యాండ్‌కే సింగర్ అయ్యారు.. చివరి టూర్ దాకా జనాన్ని వదల్లేదు!

రాక్ మ్యూజిక్ పెద్దగా తెలియనివాళ్లు కూడా ఈ వీడియో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. తెల్ల బనియన్, లేత నీలం జీన్స్, చేతిలో సగం మైక్ స్టాండ్. ఆయన ఒక రాగం తీస్తే, స్టేడియంలో ఉన్న సుమారు 72 వేల మంది అదే రాగం తిరిగి అందుకుంటారు. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ షో అది. ఆయనే క్వీన్ బ్యాండ్ సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ.

కానీ స్టేజ్ ఎక్కకముందు ఆయన కూడా జనంలో నిలబడ్డ ఒక ఫ్యానే.

అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టారు. స్కూల్ చదువు ఎక్కువగా మన దేశంలోనే సాగింది. మహారాష్ట్రలోని పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో ఉంటూ పియానో నేర్చుకున్నారు. ఫ్రెండ్స్‌తో కలిసి ది హెక్టిక్స్ అనే బ్యాండ్ కూడా పెట్టారు. 1964లో జాంజిబార్‌లో విప్లవం రావడంతో కుటుంబమంతా ఇంగ్లండ్ వెళ్లిపోయింది.

లండన్‌లో ఆర్ట్ కాలేజీలో చేరాక గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ అంటే పిచ్చి పట్టింది. ఆయన బొమ్మలు గీసేవారు, షోలకు వెళ్లేవారు. తోటి స్టూడెంట్ టిమ్ స్టాఫెల్ పాడే స్మైల్ బ్యాండ్‌కూ వీరాభిమానే. వాళ్ల షోలకు వెళ్లడమే కాదు.. స్టేజ్ మీద ఎలా కనిపించాలో సలహాలు కూడా ఇచ్చేవారు.

1970లో స్టాఫెల్ తప్పుకున్నారు. ఆ ప్లేస్‌లోకి వచ్చింది ఈ ఫ్యానే! బ్యాండ్‌కి క్వీన్ అని పేరు పెట్టింది, లోగో గీసింది కూడా ఫ్రెడ్డీనే. అదే ఏడాది సెప్టెంబర్‌లో హెండ్రిక్స్ చనిపోతే, డ్రమ్మర్ రోజర్ టేలర్‌తో కలిసి నడుపుతున్న బట్టల స్టాల్‌ని ఆ రోజు మూసేశారు.

కింద నిలబడి చూసినవాడికి జనం ఏం కోరుకుంటారో తెలుసు. అందుకే ఫ్రెడ్డీ షోలో వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా ఊరికే చూస్తూ ఉండిపోరు.. పాడతారు, చప్పట్లు కొడతారు. రేడియో గా గా పాటకి వెంబ్లీలో ఒక్కసారిగా లేచిన చేతులే దానికి సాక్ష్యం.

1986లో యూరప్‌లో 26 షోలతో మ్యాజిక్ టూర్ జరిగింది. ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో లక్షకు పైగా జనం వచ్చారు. ఫ్రెడ్డీతో క్వీన్ ఆడిన చివరి షో అదేనని ఇంటికి తిరిగి వెళ్తున్న ఫ్యాన్స్‌కి తెలియదు. మరుసటి ఏడాది ఆయనకు హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది. మళ్లీ టూర్‌కి వెళ్లలేదు కానీ, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు స్టూడియోలో పాడుతూనే ఉన్నారు.

1991 నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటించారు. మర్నాడే కన్నుమూశారు. అప్పటికి వయసు 45 ఏళ్లే.

1992 ఏప్రిల్ 20న ఆయన జ్ఞాపకార్థం, ఎయిడ్స్‌పై అవగాహన కోసం అదే వెంబ్లీలో భారీ షో జరిగింది. స్టేడియం మళ్లీ నిండిపోయింది. ఈసారి రాగం తీయడానికి ఆయన లేరు. అయినా జనం పాడారు.