శ్రీహరికే కృతి నిచ్చిన పోతన

బచ్చన్నపేట గల జనగామ జిల్లాలోనే, పాలకుర్తి మండలమున బమ్మెర యున్నది. 15వ శతాబ్దివాడైన పోతనామాత్యుని యింటిపేరునకు మూలమీ గ్రామమే. కేసన, లక్కమాంబలు ఆయన తలిదండ్రులు, తిప్పన అన్నగారు.

చంద్రగ్రహణ పుణ్యకాలమున గంగాతీరమందు ధ్యానించుచుండగా శ్రీరామచంద్రుడు దర్శనమిచ్చి, భాగవతమును తన పేర తెనుగింపుమని యాజ్ఞాపించెనని యాయనయే చెప్పుకొనెను. రాజులకు కృతినిచ్చి ధనకనకములు పొందుట నాటి కవుల పరిపాటి. పోతన దానిని త్రోసిపుచ్చి శ్రీహరికే సమర్పించెను. రాజునకు వంగని యా తల రాముని పాదములకడ వంగినది, కవిత్వమును తనదనుకొనలేదు.

శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయలు పూరించిరి. అయినను తెలుగువారి కది పోతన భాగవతమే. నేనను భావమును విడిచినవానికే పేరు నిలిచినది. నరజన్మకు పరిపూర్ణత యిదియే గదా!