మెరుగు దిద్దని ముఖాలు: జూలియా మార్గరెట్ కామెరాన్

ముఖం మనిషి ఆయువును దాచలేదు. నుదుటి గీతలు, కంటి క్రింది మడతలు, చెంపలమీది మచ్చలు అతడు గడపిన కాలానికి సాక్షులు. అయినను తన చిత్తరువులో ఆ సాక్షులు కనబడకుండ ఉంటే బాగుండునని కోరుకోవడం మానవ సహజం. ఛాయాచిత్రకళ పుట్టిన కొద్ది కాలానికే ఈ కోరికను తీర్చే విద్య ఒకటి దానిని ఆశ్రయించింది. సౌందర్య సాధనాల ప్రకటనలలో మనకు కనిపించే మచ్చలేని చర్మమంతా ఆ విద్య ప్రసాదమే. అది వ్యాపారంగా ప్రబలుతున్న తొలి రోజులలోనే, తన చిత్రాల దరికి దానిని రానీయనని పట్టుపట్టిన స్త్రీ ఒకతె ఉండేది. ఆమె జూలియా మార్గరెట్ కామెరాన్. ఛాయాచిత్రకళా చరిత్రలో అగ్రగణ్యుల సరసన నిలిచిన ఈమె మన దేశంలోనే జన్మించింది, సింహళంలో కన్నుమూసింది.

జూలియా 1815 జూన్ 11వ తేదీన కలకత్తాలో పుట్టింది. తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉద్యోగి. తల్లి ఫ్రెంచి వంశానికి చెందినది. బాల్యంలో చదువు సంధ్యలు ఎక్కువగా ఫ్రాన్సులో సాగాయి. ప్యాటిల్ కుమార్తెలు అందగత్తెలని కలకత్తాలోను, లండనులోను పేరు మ్రోగింది. ఆ కుటుంబంలో అందానికి లెక్కకు రానిది జూలియా ఒక్కతె. తెలివి, చొరవ, ధారాళమైన హృదయం ఆమె పాలికి వచ్చాయి. అందం తనకు లేకపోయినా, అందాన్ని పట్టి నిలపాలన్న తపన ఆమెను జీవితాంతం వదలలేదు.

ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికా లోని కేప్ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, 1836లో, ఆమెకు ఇద్దరు మహనీయుల పరిచయం కలిగింది. ఒకరు ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్. వెలుతురు గీసిన బొమ్మ చెరిగిపోకుండ నిలిపే హైపో ద్రావణం ఛాయాచిత్రకళకు ఆయన చేసిన ఉపకారమే. రెండవవారు న్యాయశాస్త్ర కోవిదుడు చార్లెస్ హే కామెరాన్. తనకంటె ఇరవై యేండ్లు పెద్దవాడైన కామెరాన్‌ను ఆమె 1838లో కలకత్తాలో వివాహమాడింది. మన దేశానికి శిక్షాస్మృతిని రూపొందించడానికి మెకాలే అధ్యక్షతన ఏర్పడిన న్యాయసంఘంలో ఆయన సభ్యుడు. ఛాయాచిత్రమంటే ఏమిటో లోకానికి ఇంకా సరిగా తెలియని 1842లో హెర్షెల్ ఆ కొత్త విద్యకు సంబంధించిన మచ్చుతునకలు కొన్నింటిని కలకత్తాకు పంపాడు. ఆ విత్తనం మొలకెత్తడానికి ఇరవై యేండ్లకు పైగా పట్టింది.

కామెరాన్ దంపతులు 1848లో ఇంగ్లండుకు తరలిపోయారు. 1860లో వైట్ ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్ గ్రామంలో, మహాకవి టెన్నిసన్ ఇంటికి సమీపంలో స్థిరపడ్డారు. భర్తకు సింహళంలో కాఫీతోటలు ఉన్నాయి. ఆయన ఆ తోటలు చూచుకోవడానికి వెళ్ళడం, పిల్లలు ఎదిగి ఎవరి దారిన వారు పోవడం, ఇల్లు బోసిపోవడం జరిగాయి. 1863 డిసెంబరులో కుమార్తె, అల్లుడు ఆమెకు కాలక్షేపం కోసం ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆమె వయస్సు 48 సంవత్సరాలు. బొగ్గుల కొట్టు చీకటిగది అయింది. కోళ్ళను వదలివేయగా గాజుపలకల కోళ్ళయిల్లు చిత్రశాల అయింది. మరుసటి నెలలోనే ఆనీ ఫిల్‌పాట్ అనే బాలిక చిత్రం చక్కగా కుదిరింది. దానినే ఆమె తన మొదటి విజయంగా చెప్పుకొన్నది.

అది తడి కొలోడియన్ పద్ధతి నడచిన కాలం. గాజు పలకకు జిగురు ద్రవాన్ని పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకమునుపే కెమెరాలో పెట్టి చిత్రాన్ని తీయాలి. వెంటనే చీకటిగదికి పరుగెత్తి కడగాలి. దుమ్ము పడితే మచ్చ, వేలు తగిలితే గుర్తు, పూత చెదరితే చార. మొదట చిన్న పలకలతో ఆరంభించిన ఆమె 1866 నాటికి 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గల పలకలను వాడసాగింది. కూర్చున్నవారు కొన్ని నిమిషాల పాటు చలించకుండ ఉండవలసి వచ్చేది. సేవకురాండ్రు, బంధువుల పిల్లలు, దారిన పోయే గ్రామస్థులు, జగత్ప్రసిద్ధులైన పండితులు, అందరూ ఆమె ఆజ్ఞకు లోబడి కూర్చున్నవారే.

ఆమె వదలిపెట్టిన విద్య ఏదో ఇక్కడ కొంత తెలుసుకోవడం అవసరం. 1855లో పారిస్ మహాప్రదర్శనలో మ్యూనిక్ నగరవాసి ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టేంగెల్ ఒకే చిత్తరువుయొక్క రెండు ప్రతులను ప్రక్కప్రక్కన ఉంచి చూపాడు. ఒకటి కెమెరా తీసినది తీసినట్లున్నది. రెండవది నెగటివుమీద చేతితో దిద్దిన పిదప అచ్చు వేసినది. చూచినవారు ఆశ్చర్యపోయారు. ఆ పని వెనుక ఉన్న సూత్రం సులభమైనది. నెగటివులో వెలుగు నీడలు తారుమారై ఉంటాయి. ముఖంమీది ముడతలో నిలిచిన నీడ గాజుపై పారదర్శకమైన గీతగా కనిపిస్తుంది. వార్నీషు పూసిన నెగటివుమీద ఆ గీతను సన్నని పెన్సిలుతో నింపితే, అచ్చు వేసేటప్పుడు అచ్చోట కాంతి తక్కువగా దిగి, కాగితంమీద ముడత తేలిపోతుంది. నల్లబరచవలసిన చోట కత్తిమొనతో పూతను పలుచగా గీకుతారు. ఆనాటి రసాయనాలు నీలి కాంతికి స్పందించినంతగా ఎరుపు, పసుపు కాంతులకు స్పందించేవి కావు. అందుచేత చర్మంమీది ఎర్రని, గోధుమవన్నె మచ్చలు కంటికి కనిపించే దానికంటె నల్లగా పడేవి. ఆ కారణంగా కూడ ఈ దిద్దుబాటుకు గిరాకి పెరిగింది. తరువాతి కాలంలో మన ఊళ్ళ స్టూడియోలలో టచింగ్ అని పిలిచిన పని ఇదే.

స్టూడియో యజమానికి ఈ విద్య వరమైంది. తనను తాను చూచుకొని సంతోషించిన గిరాకీదారు మరొక డజను ప్రతులు కొంటాడు. కాని కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, ముడతలతోపాటు ముఖంలోని కండ, ఎముక, స్వభావం కూడ చెరిగిపోయి మైనపు బొమ్మ మిగలడం తరచుగా జరిగేది.

జూలియా ఈ దారిని త్రొక్కలేదు. 1874లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ఆమె తన పద్ధతిని స్పష్టంగా చెప్పుకొన్నది. మచ్చలను దిద్దించడం తనకు అసాధ్యం కాదని, అయినా చేయి తగలని చిత్రాలనే ఎల్లప్పుడు విడుదల చేసేది తానొక్కతెనేనని, చిత్రకారులు తన కృషిని గౌరవించడానికి అదొక కారణమని దాని సారాంశం. ఛాయాచిత్ర పత్రికల విమర్శకులు ఆమెను తీవ్రంగా ఆక్షేపించారు. బొమ్మ మసకగా ఉన్నదన్నారు. పలకమీద చారలు, వ్రేలిముద్రలు ఉన్నాయన్నారు. ఆ ఆక్షేపణలు అబద్ధాలు కావు. అయితే వాట్స్ వంటి చిత్రకారులు ఆ లోపాల వెనుక ఉన్న ప్రాణాన్ని చూచారు. బెర్లిన్ ప్రదర్శనలో 1866లో ఆమెకు స్వర్ణ పతకం లభించింది.

ఆమె పట్టుదల ఎంత ఫలించిందో 1867లో తీసిన హెర్షెల్ చిత్తరువు చూస్తే బోధపడుతుంది. అప్పటికి ఆయన వయస్సు 75. ఆయన తెల్లని జుట్టును ఆమె కడిగించి, ఆరబెట్టి, చెదరిపోయేటట్లు చేసిందని ప్రసిద్ధి. నల్లని వెనుకతెరమీద ఆ జుట్టు వెలుగు వలయంగా నిలిచింది. నుదుటిమీద, కన్నుల చుట్టును ఉన్న ప్రతి మడతా అట్లాగే ఉన్నది. ఆ మడతలను చెరపివేసి ఉంటే నక్షత్రాలను లెక్కించిన ఆ కన్నుల అలసట మనకు తెలిసేది కాదు. 1865లో తీసిన టెన్నిసన్ చిత్రంలో చెదరిన గడ్డము, ఉబ్బిన కనురెప్పలు కనిపిస్తాయి. మహాకవి దానికి మురికి సన్యాసి అని హాస్యంగా పేరు పెట్టాడు. అయినా దానిని ఇష్టపడ్డాడు. కార్లయిల్, డార్విన్ ఆమె కెమెరా యెదుట కూర్చున్నారు. డార్విన్ తన చిత్తరువులన్నిటిలోను ఆమె తీసినదే తనకు మిక్కిలి నచ్చినదని మెచ్చుకొన్నాడు.

ఆమె వ్రతంలో ఒక చిక్కు కూడ ఉన్నది. దానిని దాచడం ఆమెకు న్యాయం చేయడం కాదు. కటకాన్ని ముఖంమీద నిశితంగా నిలపకుండ, బొమ్మ కంటికి ఇంపుగా కనిపించిన చోటనే ఆమె ఆపేది. వృద్ధుల ముఖాలమీద ప్రక్కనుంచి వెలుతురు పడనిచ్చి ముడతలను ఎత్తి చూపింది. యువతుల ముఖాలను మెత్తని మసకలో ముంచింది. చర్మంమీది సన్నని మచ్చలను ఆ మసకే మింగివేసింది. పెన్సిలు చేయవలసిన పనిని కటకం చేసిందన్నమాట. కొన్ని నెగటివులమీద ఆమె గీతలు గీకిన సందర్భాలు కూడ ఉన్నాయి. కనుక ఆమె సత్యం యంత్రపు సత్యం కాదు, ఎన్నుకొన్న సత్యం. అయితే కూర్చున్నవారిని సంతోషపెట్టి ప్రతులు అమ్ముకోవడానికి ముఖాన్ని మార్చడం వేరు, ముఖంలో తనకు కనిపించిన దానిని చూపడానికి వెలుతురును ఎన్నుకోవడం వేరు. ఆ రెంటి నడుమ గీతను ఆమె దాటలేదు.

ఆమె చిత్రాల చరిత్రలో మన దేశానికి సంబంధించిన ముచ్చట మరొకటి ఉన్నది. ఐర్లండుకు చెందిన మేరీ రయన్ అనే బిచ్చగత్తె బిడ్డను ఆమె చేరదీసి పెంచింది. ఆ పిల్ల ఆమె చిత్రాలలో ఎన్నోమారులు కనిపిస్తుంది. లండనులో ప్రదర్శనకు వచ్చిన హెన్రీ కాటన్ అనే యువకుడు మేరీ ఉన్న చిత్రాన్ని కొనుక్కొన్నాడు. 1867లో ఆమెనే పెండ్లాడాడు. ఇండియన్ సివిల్ సర్వీసులో పనిచేసి, భారతీయుల పక్షాన మాటలాడిన ఆ హెన్రీ కాటనే 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించాడు.

కీర్తి వచ్చినంతగా ధనం రాలేదు. 1865లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆమె చిత్రాలను కొన్నది. 1868లో పని చేసుకోవడానికి రెండు గదులు కూడ ఇచ్చింది. అయినను రసాయనాల ఖర్చు, సింహళపు తోటల నష్టం ఆ కుటుంబాన్ని క్రుంగదీశాయి. కెమెరాను కానుకగా ఇచ్చిన కుమార్తె 1873లో మరణించింది. ఆ దుఃఖంలోనే, 1874లో, టెన్నిసన్ కావ్యానికి చిత్రాలు సమకూర్చింది. ప్రకాశకులు వాటిని చిన్న బొమ్మలుగా కుదించి వేయగా, తృప్తి చెందక, పూర్తి పరిమాణంలో తానే వేరొక సంపుటాన్ని వెలువరించింది. ఆ యేడే తన గాజుటింటి అనుభవాలను వ్రాయడం మొదలుపెట్టింది. అది అసంపూర్తిగా మిగిలి, ఆమె మరణానంతరం 1889లో వెలుగు చూచింది.

1875లో దంపతులు సింహళం చేరారు. అక్కడ తోటలలోని కూలివారిని, గ్రామీణులను ఆమె చిత్రించింది. కాని ఆ చిత్రాలు చాల కొద్ది మాత్రమే మిగిలాయి. 1879 జనవరి 26వ తేదీన కాఫీతోటల మధ్య ఆమె కన్నుమూసింది. బొగవంతలావ గ్రామంలోని చర్చి ఆవరణలో ఆమె సమాధి ఉన్నది. మరుసటి సంవత్సరం భర్త కూడ ఆమెను అనుసరించాడు. కొంతకాలం మరుగునపడిన ఆమె పేరును 1926లో నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, విమర్శకుడు రోజర్ ఫ్రై ఒక చిత్రసంపుటి ద్వారా మరల లోకానికి తెలిపారు. వర్జీనియాకు జూలియా స్వయానా అమ్మమ్మ చెల్లెలో అక్కో అయిన వరుస. ఆమె తల్లి జూలియా జాక్సన్ ఈ గాజుటింటి చిత్రాలలో పలుమారులు కూర్చున్న సుందరి.

నాటి పెన్సిలు స్థానాన్ని నేడు కంప్యూటరు ఆక్రమించింది. చర్మపు రంధ్రాలు, నూగు వంటి సన్నని వివరాలను ఒక పొరగాను, వెలుగు నీడలను వేరొక పొరగాను విడదీసి, ఒకదానికి హాని లేకుండ రెండవదానిని సరిదిద్దడం నిపుణుల పద్ధతి. పరికరం మారినా ప్రశ్న మారలేదు. మొటిమ నాలుగు రోజుల అతిథి. దానిని తొలగిస్తే మనిషి మారడు. పుట్టుమచ్చ, నుదుటి గీత ఇంటివారు; వారిని గెంటివేస్తే ఇల్లే మారిపోతుంది. ప్రకటనలలోని ముఖాన్ని చూచి తమ ముఖాన్ని నిందించుకొనే బాలబాలికల కోసం నార్వే దేశం ఒక శాసనం చేసింది. శరీరపు ఆకారాన్ని గాని, పరిమాణాన్ని గాని, చర్మాన్ని గాని దిద్దిన ప్రకటన చిత్రాలమీద ఆ సంగతిని తెలపాలన్న నిబంధన 2022 జూలై 1 నుంచి అక్కడ అమలులోకి వచ్చింది.

శాసనాలు లేని రోజులలో జూలియా కామెరాన్ తనకు తానే ఆ శాసనాన్ని విధించుకొన్నది. అందగత్తెల నడుమ అందం లేనిదిగా పెరిగిన ఆమెకు ముఖంలో చూడవలసినది నునుపు కాదని చిన్ననాడే తెలిసి ఉండాలి. వ్రేలిముద్రలతో, చారలతో, మచ్చలతో ఆమె వదలి వెళ్ళిన వేయికి పైగా చిత్రాలలో హెర్షెల్ ఇంకా అలసిపోయే ఉన్నాడు, టెన్నిసన్ ఇంకా తల దువ్వుకోలేదు. అందువల్లనే వారు మనకు సజీవులుగా కనిపిస్తున్నారు.